ఐడీపీ ఉంది కదా అని జర్మనీలో స్టీరింగు పట్టుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ చదువుల సీజను మొదలైతే చాలు, ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) తీసుకెళ్తే ఏడాదిపాటు నిశ్చింతగా కారు నడుపుకోవచ్చు’ అన్న సలహా కన్సల్టెన్సీల నుంచీ, కొన్నిసార్లు పత్రికల కెరీర్ పేజీల నుంచీ వినబడుతుంది. జర్మనీకి వెళ్లేవాళ్లకు ఇది తప్పుడు సలహా. వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్న ఐడీపీ మీద ఏడాది గడువు ఉండే మాట నిజమే. కానీ అక్కడి చట్టం దృష్టిలో అది మన లైసెన్సుకు అనువాదం మాత్రమే, విడిగా లైసెన్సు కాదు. జర్మనీలో నివాసం ఏర్పడిన రోజు నుంచి మన లైసెన్సు చెల్లేది 6 నెలలే. ఐడీపీ ఉన్నా ఆ గడువు పెరగదు. మధ్యలో సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లినా లెక్క మళ్లీ మొదటికి రాదు. మొత్తం 12 నెలలకు మించి ఉండబోనని ముందే కాగితాలతో చూపించగలిగినవాళ్లకే ఇంకో 6 నెలల దాకా పొడిగింపు దొరుకుతుంది. లండన్‌లో ఉన్న బంధువులు ‘మాకు ఏడాది ఇచ్చారు’ అంటే అదీ నిజమే, బ్రిటన్ నిబంధన అది. దేశానికో పద్ధతి.

ఏడో నెలలో కారు తీస్తే అది చలానాతో పోయే వ్యవహారం కాదు. లైసెన్సు లేకుండా నడిపిన నేరం కింద కేసు పెడతారు. జరిమానాగానీ ఏడాది దాకా జైలుగానీ పడొచ్చు. తెలిసి కారు ఇచ్చిన యజమాని మీదా కేసు ఉంటుంది. రూమ్మేటు కారు అడిగి తీసుకునే కుర్రాళ్లూ, మొహమాటానికి తాళాలు ఇచ్చేవాళ్లూ గుర్తుంచుకోవాల్సింది ఇదే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అవతలివాళ్లకు చెల్లించి, నడిపినవాడి దగ్గర 5,000 యూరోల దాకా వసూలు చేసుకోగలదు.

బయల్దేరే ముందు ఇక్కడ చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎల్‌ఎల్‌ఆర్‌ను జర్మనీ లైసెన్సుగా గుర్తించదు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితేగానీ మన దగ్గర డ్రైవింగ్ టెస్టు ఉండదు కాబట్టి, వీసా చేతికొచ్చాక ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగడం కంటే వీసాకు దరఖాస్తు పెట్టిన నాడే ఆ పని మొదలుపెట్టాలి. అక్కడ నివాసం ఏర్పడ్డాక సెలవుల్లో వచ్చి ఇక్కడ లైసెన్సు తీసుకుంటే జర్మనీలో దానికి విలువ ఉండదు. ఫోన్లో డిజిలాకర్ చూపిస్తే కుదరదు, అసలు కార్డే కావాలి.

ఇక జర్మన్ లైసెన్సు సంగతి. జపాన్, దక్షిణ కొరియాలాంటి దేశాల లైసెన్సులను పరీక్ష లేకుండా మార్చి ఇస్తారు. ఆ జాబితాలో భారత్ లేదు. కాబట్టి మనవాళ్లకు రాతపరీక్షా తప్పదు, రోడ్డు పరీక్షా తప్పదు. 6 నెలలు దాటినా దరఖాస్తు చేసుకోవచ్చు, జర్మన్ లైసెన్సు చేతికొచ్చేదాకా నడపకూడదు, అంతే. నివాసమున్న ఊరి లైసెన్సు కార్యాలయంలో పాస్‌పోర్టు, చిరునామా నమోదు పత్రం, బయోమెట్రిక్ ఫొటో, కంటి పరీక్ష పత్రం, ప్రథమ చికిత్స శిక్షణ పత్రం, మన లైసెన్సు, దాని జర్మన్ అనువాదం ఇవ్వాలి. ప్రథమ చికిత్స శిక్షణ 45 నిమిషాల చొప్పున 9 క్లాసులు, ఒక్కరోజులో అయిపోతుంది. అనువాదం ప్రమాణం చేసిన అనువాదకుడిదిగానీ, ఏడీఏసీ అనే వాహనదారుల సంఘానిదిగానీ అయి ఉండాలి. ఏ డ్రైవింగ్ స్కూలు కారులో పరీక్షకు వెళ్తారో కూడా రాయాలి. అనుమతి రావడానికి వారాలు పడుతుంది, పెద్ద నగరాల్లో నెలలు.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ డ్రైవింగ్ స్కూలు దగ్గరే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 14 థియరీ క్లాసులు, హైవే మీదా రాత్రిపూటా కలిపి 12 ప్రత్యేక డ్రైవింగ్ క్లాసులు తప్పనిసరి. లైసెన్సు మార్చుకునేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వర్తిస్తుందని చెప్పే స్కూలు ఎదురైతే వేరే స్కూలు చూసుకోవడం మేలు. అలాగని ఒక్క క్లాసూ లేకుండా పరీక్షకు వెళ్లడమూ తెలివైన పని కాదు. తప్పితే కనీసం 2 వారాలు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి.

రాతపరీక్ష ఇంగ్లీషులో రాయొచ్చు. తెలుగు, హిందీ లేవు. 30 ప్రశ్నలు, తప్పు బరువును బట్టి 2 నుంచి 5 పాయింట్లు పడతాయి. 10 దాటితే ఫెయిల్. 5 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే మొత్తం పదే అయినా ఫెయిలే. ఒక ప్రశ్నకు సరైన జవాబులు రెండు మూడు ఉండొచ్చు, అన్నిటికీ టిక్కు పెట్టాలి. వీడియో ప్రశ్నల్లో దృశ్యాన్ని 5 సార్ల దాకా చూడనిస్తారు, ప్రశ్న తెరిచాక వెనక్కి వెళ్లలేరు. లెక్కలూ అడుగుతారు: వేగాన్ని 10తో భాగించి 3తో హెచ్చిస్తే మనం తేరుకునేలోపు బండి పోయే దూరం, 10తో భాగించినదాన్ని వర్గం చేస్తే బ్రేకు దూరం. 50లో 15, 25 కలిపి 40 మీటర్లు. 100లో 30, 100 కలిపి 130. వేగం రెట్టింపైతే దూరం మూడు రెట్లకు పైనే.

రోడ్డు పరీక్ష మొత్తం 55 నిమిషాలు. పక్క సీట్లో స్కూలు మాస్టారు, వెనక సీట్లో పరీక్షాధికారి. సూచనలన్నీ జర్మన్‌లోనే, దుభాషిని రానివ్వరు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఇక్కడే తప్పుతున్నారు. గేర్లు రాక కాదు, మన రోడ్ల అలవాట్ల వల్ల. గంటకు 30 కిలోమీటర్లు రాసి ఉన్న వీధిలో వెళ్తున్నారనుకోండి. రెండు వైపులా కార్లు పార్కు చేసి ఉన్నాయి. కుడివైపు చెట్ల కంచె వెనక నుంచి చిన్న సందొకటి వచ్చి కలుస్తోంది. బోర్డు లేదు, గీత లేదు. మన లెక్కలో సందులోంచి వచ్చేవాడు ఆగాలి. అక్కడ మనం ఆగాలి. ‘రెఖ్ట్స్ ఫోర్ లింక్స్’, అంటే కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు. సందు ఖాళీగా ఉన్నా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారా, తల కుడికి తిప్పారా అని వెనక సీట్లోంచి గమనిస్తూనే ఉంటారు. తెల్ల అంచుతో పసుపు పచ్చ డైమండ్ బోర్డు కనిపిస్తేనే మనది ప్రధాన రోడ్డు.

కుడికి మళ్లే ముందు అద్దం చూస్తే సరిపోదు, భుజం మీదుగా వెనక్కి చూడాలి, సైకిలు వస్తుంటుంది. సైకిలును దాటేటప్పుడు ఊళ్లో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్ల ఎడం ఉండాలి. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి, పాకినట్టు కదిలితే పరీక్ష అక్కడితో అయిపోతుంది. 100 వెళ్లదగిన రోడ్డు మీద, ఏ అడ్డూ లేకుండా 70లో వెళ్లడం మనకు జాగ్రత్త, వాళ్లకు తప్పు.

పాసయ్యాక మన కార్డు అప్పగిస్తేనే జర్మన్ కార్డు ఇస్తారు. రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు ఒక విన్నపం. ఐడీపీ ఇచ్చేటప్పుడు, ‘మీరు వెళ్లే దేశంలో గడువు వేరే ఉండొచ్చు, అక్కడి నిబంధన చూసుకోండి’ అని ఒక్క వాక్యం దాంతోపాటు అచ్చువేసి ఇవ్వండి. మీ కెరీర్ పేజీలో ఐడీపీ గురించి రాసినప్పుడల్లా జర్మనీ పక్కన 6 అంకె వేయమని మిమ్మల్నీ కోరుతున్నాం.

ఇట్లు,
జర్మనీలో ఉంటున్న కొందరు తెలుగు పాఠకులు