పెళ్ళి వీడియో ఎందుకు ఆడలేదంటే

విశాఖపట్నం

ప్రియమైన శేషూ,

డాలస్ నుంచి నీవు రాసిన ఉత్తరం అందింది. లాప్‌టాప్‌లో లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేసుకున్నావని సంతోషించాను. అమ్మాయి పెళ్ళి వీడియో తెరిస్తే తెర నల్లగా ఉండిపోయిందని, "ఉచితంగా వచ్చినదానికి అంతే" అని తేల్చేశావు చూడు, అది మాత్రం ఒప్పుకోను.

ఆ వీడియో బహుశా హెచ్.264 పద్ధతిలో కుదించినదై ఉంటుంది. దాన్ని విప్పే ప్రోగ్రాము లేక కాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే అలాంటి ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను, అంటే మనిషి రాసిన మూలపాఠాన్ని, ఎవరైనా తెచ్చుకోవచ్చు. ప్రోగ్రాము రాసినవారు తమ కాపీరైటును ధారాళంగా పంచిపెట్టారు కానీ, ఆ పద్ధతి మీద పేటెంట్లున్న కంపెనీలు తమ హక్కును వదులుకోలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వని వ్యవహారం.

డబ్బు కట్టేస్తే పోదా అంటావు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. రాయల్టీని కాపీల లెక్కన కట్టాలి, ఉచిత వ్యవస్థను ఎవరు ఎందరికి పంచారో రాసిపెట్టుకునే గుమాస్తా ఎక్కడా లేడు. అంతకు మించిన చిక్కు, ఉచిత ప్రోగ్రాములు చాలావాటికి వర్తించే జీపీఎల్ అనే లైసెన్సు రెండవ కూర్పులోని ఏడవ నిబంధన. కాపీ అందుకున్న ప్రతివారూ రాయల్టీ లేకుండా మళ్ళీ పంచుకునే వీలు పేటెంటు లైసెన్సులో లేకపోతే, ఆ ప్రోగ్రామును అసలు పంచనే కూడదంటుంది. తన మట్టుకు అనుమతి కొనుక్కుని తరువాతివారిని గాలికి వదిలేసే దారిని అది కావాలనే మూసేసింది.

2013లో సిస్కో అనే అమెరికా నెట్‌వర్కు పరికరాల కంపెనీ ఒక ఉపాయం పన్నింది. హెచ్.264ను విప్పే ఓపెన్‌హెచ్264 అనే తన ప్రోగ్రాము సోర్స్‌ను బీఎస్‌డీ అనే ఉదారమైన లైసెన్సుతో ఇచ్చి, తాను పంచే బైనరీకి, అంటే నేరుగా నడిచేలా తయారైన ప్రోగ్రాముకు, రాయల్టీ తానే కడతానంది. ఏడాదికి కట్టే సొమ్ముకు గరిష్ఠ పరిమితి ఉంది కనుక ఆ ధైర్యం చేయగలిగింది. అయితే ఆ బైనరీ విడిగా, సిస్కో చేతి మీదుగానే మన యంత్రంలోకి దిగాలి. అందుకే ఫెడోరా అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవారు ప్యాకేజీ తయారుచేసి కూడా తామే పంచకుండా సిస్కోకు అప్పగిస్తారు. అదే సోర్స్‌ను అక్షరం మార్చకుండా నీవు ఇంట్లో కంపైల్ చేసుకుంటే, అంటే నీవే బైనరీగా మార్చుకుంటే, సిస్కో కట్టిన రాయల్టీ నీకు వర్తించదు. అదే పిండి, అదే మూకుడు. వాళ్ళ వంటింట్లో వండితే ప్రసాదం, మన వంటింట్లో వండితే దొంగసొత్తు!

ఇంత భయం ఎందుకంటావా? పాటలను కుదించే ఎంపీ3 పద్ధతి కోసం మైక్రోసాఫ్ట్, దాని పేటెంట్లున్న ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ పరిశోధన సంస్థకు 1.6 కోట్ల డాలర్లు కట్టింది. అయినా ఆ పేటెంట్లు మావీ అంటూ ఆల్కాటెల్-లూసెంట్ అనే టెలికాం కంపెనీ దావా వేస్తే, 2007 ఫిబ్రవరిలో జ్యూరీ 152 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ ఆగస్టులో న్యాయమూర్తి తీర్పును పక్కన పెట్టాడనుకో, కానీ అంతటి లాయర్ల బలగం స్వచ్ఛందంగా పనిచేసేవారికి ఎక్కడిది? ఫెడోరా వెనుక ఉన్న రెడ్ హ్యాట్ కంపెనీ 2002లో తన లినక్స్ నుంచి ఎంపీ3ని తీసేసింది. 2017 ఏప్రిల్‌లో లైసెన్సుల వసూలు ముగిశాక గాని ఫెడోరాలో అది పూర్తిగా తిరిగి రాలేదు. 2022లో హెచ్.264కు, దాని తరువాతి తరమైన హెచ్.265కు గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకునే కోడ్‌ను కూడా ఫెడోరా ఆపివేసింది. చిప్‌కు ఆ పని చేతనైనా సరే, దాన్ని పిలిచే మాట తాము పలకకూడదన్నమాట. నాకు ఇది అతిజాగ్రత్తగా తోచింది కానీ, దావా పడేది నా మీద కాదు కదా.

ఇది ఊరును బట్టి మారే న్యాయం కూడాను. వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయరును నడిపే వీడియోలాన్ సంఘం ఫ్రాన్స్‌లో ఉంది, అక్కడి చట్టం ప్రోగ్రాములకు పేటెంటును గుర్తించదన్నది వారి మాట. మన పేటెంటు చట్టంలోని 3(కె) సెక్షను కంప్యూటర్ ప్రోగ్రాము 'పర్ సే', అంటే దానంతట అదిగా, పేటెంటుకు తగదంటుంది. 2004 చివరి ఆర్డినెన్సు ఆ తలుపును కాస్త తెరిచినా, 2005లో పార్లమెంటు ఆ సవరణను ఒప్పుకోలేదు. 'పర్ సే' అన్న రెండు ముక్కల మీద వకీళ్ళు ఇప్పటికీ భోంచేస్తున్నారనుకో. నీవు అమెరికాలో ఉన్నావు కనుక, ఫలానా చోటి నుంచి ఫలానా ప్యాకేజీ దించుకో అని నేను రాయను.

ఆ వీడియో నాకు పంపు. ఏవీ1లోకి మార్చి ఇస్తాను. 2018లో రాయల్టీ లేకుండా వచ్చిన కోడెక్, అంటే వీడియోను కుదించి విప్పే పద్ధతి, అది. దాని మీదా పేటెంట్లున్నాయంటూ పేటెంట్ల రాయల్టీ వసూలు చేసే సిస్వెల్ అనే కంపెనీ అప్పుడే చేయి చాపిందిలే. చెల్లెమ్మను తాళి కట్టే ఘట్టం వరకైనా తొందరగా చూడమను.

నీ
రామం