మన పాత బొమ్మ కార్ల సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఏడాది నివేదికలో ఎన్ని మీటింగులు పెట్టాం, ఎవరెవరు వచ్చారు అన్నదే ఎక్కువైపోయి బొమ్మల సంగతి తక్కువైందని చాలామంది అన్నారు, నాకూ అలాగే అనిపించింది. అందుకని ఈసారి లెక్కలు చివర్లో రెండు ముక్కల్లో చెప్పేసి, ఏడాది పొడుగునా మన చేతుల్లోకి వచ్చిన బొమ్మల గురించే ముందు రాస్తున్నా.

అన్నిటికంటే ముందు బిట్రగుంట కారు. మన సభ్యుడొకాయన తాత బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేశారు. అప్పట్లో అక్కడి రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి కదా, వాళ్లలో ఒక కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోతూ పక్క క్వార్టర్లో పిల్లాడికి, అంటే ఈయన నాన్నకి, ఒక కారు ఇచ్చి వెళ్లిందట. దాన్ని బిస్కెట్ డబ్బాలో పాత లుంగీ గుడ్డలో చుట్టి నెల్లూరు దర్గామిట్టలో పెట్టిన మీటింగుకి తెచ్చాడు. అరచేతిలో సరిగ్గా ఇమిడేంత ఉంది. ఆకుపచ్చ రంగు. బానెట్ అంచున, మడ్‌గార్డుల మీద రంగు లేచిపోయి కింద బూడిదరంగు లోహం కనపడుతోంది, రబ్బరు టైర్లు ఎండి బిరుసెక్కాయి, ఒకటైతే పగిలి ఊడిపోయేలా ఉంది. తిరగేసి చూస్తే అడుగు రేకు మీద మోరిస్ ఆక్స్‌ఫర్డ్, డింకీ టాయ్స్, మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని అక్షరాలు. డింకీ అంటే లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ బొమ్మలు, ఆ ఫ్యాక్టరీ 1979లోనే మూతపడింది. మన అంబాసిడర్ కూడా ఈ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశమే, దీని తర్వాత వచ్చిన మోడళ్లలో ఒకదాన్ని తీసుకునే ఇక్కడ అంబాసిడర్ చేశారు. ఈ మాట చెప్పగానే కండలేరు ప్రాజెక్టు దగ్గర చాలా ఏళ్లు జీపు నడిపిన మన పెద్దాయన కారుని చేతిలోకి తీసుకుని, "అయితే ఇది మన అంబాసిడర్‌కి పెద్దన్న అన్నమాట" అని దాన్ని చాలాసేపు కింద పెట్టలేదు.

ఆ కారు టాపు మీద ఒక పొడుగు గీత ఉంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. కారు తెచ్చినాయన నాన్న చిన్నప్పుడు క్వార్టర్ పిట్టగోడ మీద తోస్తే కింద సిమెంటు గచ్చు మీద పడి గీసుకుపోయిందట. మనలో ఒకరు ఆటోలకు పెయింటు కొట్టే షెడ్డు నడుపుతారు, ఆయన మంచి మనసుతోనే "ఇవ్వన్నా, రెండ్రోజుల్లో కొత్తదానిలా చేసిస్తా" అన్నారు. దాంతో వాదన మొదలై టీ రెండుసార్లు తెప్పించుకున్నా తెగలేదు. నా అభిప్రాయం అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే: ఆ గీత పోతే ఆ పిట్టగోడ, ఆ పిల్లాడు కూడా పోతారు. పాత బొమ్మలు సేకరించేవాళ్లు మామూలుగా కూడా ఒరిజినల్ రంగు చెక్కుకుపోయి ఉన్నా దానికే విలువ ఇస్తారు గానీ కొత్త రంగుకి ఇవ్వరు. చివరికి అందరం ఒప్పుకున్నదేంటంటే, సంఘం తరఫున ఏ బొమ్మకీ రంగు వేయించం. టైరు మార్చాల్సి వస్తే పాత టైరుని పారేయకుండా చిన్న కవర్లో వేసి బొమ్మతోనే ఉంచాలి. ప్రతి బొమ్మకీ ఒక చీటీ ఉండాలి, ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరు ఆడుకున్నారు, ఏ దెబ్బ ఎలా తగిలింది అని. మన పెయింటర్ అన్నే మొదటి చీటీ రాసిచ్చారు, ఆయనకి ప్రత్యేకంగా థాంక్స్.

ఇంక ఒక బాధ కలిగించే విషయం. ఒంగోలు నుంచి వచ్చే మన తమ్ముడొకడు ఫోన్లో పరిచయమైన అమ్మకందారు దగ్గర "1968 నాటి ఒరిజినల్ హాట్ వీల్స్" (అమెరికా కంపెనీ బొమ్మ కారు) అని నమ్మి ఒక నెల జీతంలో మంచి భాగమే పెట్టి కొన్నాడు. అడుగున నిజంగానే 1968 అని ఉంది. కానీ దాని పక్కనే మేడ్ ఇన్ మలేషియా అని కూడా ఉంది. హాట్ వీల్స్ మొదటి పదహారు కార్లు 1968లో వచ్చిన మాట నిజమే, అయితే అడుగున ఉండే సంవత్సరం ఆ డిజైన్‌కి కాపీరైట్ తీసుకున్న సంవత్సరం, ఆ కారు తయారైన సంవత్సరం కాదు. అదే డిజైన్‌తో ఎన్నో ఏళ్ల తర్వాత చేసినా ఆ అంకె అలాగే ఉంటుంది. మలేషియాలో తయారీ చాలా ఏళ్ల తర్వాతే మొదలైంది. డబ్బులు వెనక్కి రాలేదు. పాపం వాడు రెండు నెలలు మీటింగులకే రాలేదు. ఇలా ఇంకెవరికీ జరగకూడదని బొమ్మ అడుగు ఎలా చదవాలో ఒక ఆదివారం మొత్తం కూర్చుని నేర్చుకున్నాం. మ్యాచ్‌బాక్స్ బొమ్మ కార్లు చేసింది లెస్నీ అనే ఇంగ్లండ్ కంపెనీ. అడుగున లెస్నీ, ఇంగ్లండ్ అని ఉంటే సాధారణంగా 1982లో ఆ కంపెనీ దివాలా తీయకముందుదని, పాత రకం మామూలు చక్రాలుంటే సాధారణంగా 1969లో వేగంగా దొర్లే సూపర్‌ఫాస్ట్ చక్రాలు రాకముందుదని పట్టుకోవచ్చు. ఏదైనా కొనే ముందు అడుగు ఫోటో మన గ్రూపులో పెట్టండి. అడగడానికి మొహమాటపడొద్దు.

కోవూరు అక్క తెచ్చిన పెట్టె గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. 2021 నవంబర్‌లో పెన్నాకి వరద వచ్చినప్పుడు వాళ్లింట్లో మంచం కింద ఉన్న రేకు బొమ్మల పెట్టె మూడు రోజులు నీళ్లలో ఉండిపోయింది. కీ ఇస్తే తిరిగే బస్సు, దీపం వెలిగిస్తే టపటపమంటూ పోయే రేకు పడవ, అన్నీ తుప్పు. ఇన్నాళ్లూ పారేయలేక, తెరిచి చూడలేక అటక మీదే ఉంచారు. నలుగురం కూర్చుని మెత్తని బ్రష్షుతో పొడి మట్టి దులిపి, కీలు దగ్గర ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి చూశాం. బస్సు స్ప్రింగు తెగిపోయింది, అది ఇంక తిరగదు. పడవని మాత్రం బకెట్టు నీళ్లలో వదిలితే మూడో ప్రయత్నానికి టప్ టప్ అని కదిలింది. అక్క ఏడ్చేసింది. మేమూ అంతే.

ఎండాకాలం సెలవుల్లో పిల్లల రోజు పెట్టాం. మ్యాచ్‌బాక్స్ పేరు వెనక కథ చెప్పాం: ఆ కంపెనీలో పనిచేసిన జాక్ ఓడెల్ అనే ఆయన కూతురు చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే తెచ్చుకోనిచ్చేవాళ్లట, దానికోసం ఆయన బుల్లి రోడ్డు రోలరు చేసిచ్చాడు. పిల్లలంతా ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చుకుని తమ కార్లు పడతాయో లేదో చూసుకున్నారు, ఒక్కటీ పట్టలేదు. చిన్న బొమ్మ కార్లకి మామూలుగా వాడే కొలత ప్రకారం మారుతీ 800ని అరవై నాలుగో వంతుకి తగ్గిస్తే అయిదు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుందని ఎనిమిదో తరగతి పాప స్కేలు పెట్టి లెక్క తేల్చింది. ఆ తర్వాత ముంజకాయల బండి. తిన్న ముంజకాయలు రెండిటికి మధ్యలో పుల్ల గుచ్చి, పొడుగాటి పంగలకర్రతో తోస్తూ పరిగెత్తడం చూపించగానే కార్లన్నీ చాప మీదే వదిలేశారు. మనలో యాభై దాటినవాళ్లు కూడా పరిగెత్తారు. మన సేకరణలో ముంజకాయల బండి కూడా ఉండాలని నేను ఎప్పటినుంచో అంటున్నా, అది ఎండిపోతుంది కాబట్టి ఏటా కొత్తది చేసుకోవాలి, అంతే.

సంక్రాంతికి ముగ్గురు సభ్యుల ఇళ్లలో బొమ్మల కొలువులో ఒక మెట్టు కార్లకి ఇచ్చారు. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర దుకాణాలు తిరిగాం, ప్లాస్టిక్ ఆటోలు తప్ప పాతవేం దొరకలేదు.

జమాఖర్చులు: చందాలు సరిపోయాయి, అప్పు లేదు, పూర్తి కాగితం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. అద్దాల బీరువా కొనడం మాత్రం ఈ ఏడాదీ కుదరలేదు.

ఒక జాగ్రత్త. పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి వాటిని ఇవ్వకండి.

వచ్చే మీటింగు కావలిలో. చీటీలు ఇంకా రాయనివాళ్లు చాలామంది ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయించుకోండి. బిట్రగుంట కారు తెచ్చినాయన నాన్నగారు కూడా వస్తానన్నారు, ఆ గీత సంగతి ఆయన నోటితోనే వింటాం. కార్లు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పొడి నూలు గుడ్డలో చుట్టి తీసుకురండి.