10-8-2017న నేను బళ్లోనే ఉన్నాను

సంపాదకుడు గారికి,

కిందటి వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు ప్రైవేటు బళ్ల గురించి రాస్తూ, 18 నెలల డిప్లొమా చేసిన మాలాంటి వాళ్లను "దొడ్డిదారిన టీచర్లయినవాళ్లు" అన్నారు. ఆదివారం పొద్దున నేను వంకాయలు తరుగుతుంటే మా ఆయన ఆ ఉత్తరం చదివి వినిపించాడు. "నీ గురించే రాసినారు చూడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ దారిలో నడిచినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది ఆదోని. ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగ్‌కు, అదే టీటీసీకి, ప్రవేశ పరీక్ష రాశాను. డైట్, అంటే సర్కారు ట్రైనింగ్ కాలేజీలో సీటంటే బి.తాండ్రపాడే మాకు దగ్గర, అక్కడ రాలేదు. ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టే స్తోమత మా నాయనకు లేదు. పెళ్లయింది. మా ఆయన పత్తి మార్కెట్లో కాటా దగ్గర గుమాస్తా. 2008లో మా వీధి చివరున్న చిన్న కాన్వెంటులో రెండో తరగతికి టీచర్‌గా చేరాను, జీతం 1,200. ట్రైనింగ్ ఉందా అని ఎవరూ అడగలేదు. ఏడుపులు ఆపగలవా అని అడిగారు, అంతే.

తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. ట్రైనింగ్ లేకుండా పాఠాలు చెబుతున్నవాళ్లంతా 2019 మార్చి 31లోగా అర్హత తెచ్చుకోవాలి, లేకపోతే ఉద్యోగంలో ఉండకూడదు అన్నారు. అందుకోసం నోయిడాలోని జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే అందరూ ఎన్ఐఓఎస్ అంటారే, 18 నెలల డీఈఎల్ఈడీ, అంటే చిన్న తరగతుల టీచర్లకు ట్రైనింగ్ డిప్లొమా, పెట్టింది. దేశమంతా పది లక్షల మందికి పైగా చేరాం. ఇంటర్లో 50 శాతం లేనివాళ్లు ఆ మార్కులు కూడా మళ్లీ పరీక్ష రాసి తెచ్చుకోవాల్సి వచ్చింది. నాకు 61 శాతం ఉంది, ఆ బాధ తప్పింది. ఫీజుకు మాత్రం చెవి కమ్మలు కుదువ పెట్టాను.

పాఠాలు టీవీలో, నెట్‌లో వస్తాయన్నారు. మా కేబుల్‌లో ఆ చానెల్ రాదు. ఫోన్లో పెట్టుకుంటే సగం వీడియోలు హిందీలో ఉన్నాయి. మాతో పాటు చదివిన ఒక ముస్లిం టీచరమ్మకు ఉర్దూ బాగా వచ్చు. రాత్రి తొమ్మిదింటికి ఆమె ఇంట్లో ముగ్గురం కూర్చునేవాళ్లం. ఆమె వీడియో ఆపి, తెలుగులో చెప్పి, మళ్లీ నడిపేది. ఆదివారాలు ప్రభుత్వ హైస్కూల్లో కాంటాక్ట్ క్లాసులు. పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక ఇరుక్కుని కూర్చునేవాళ్లం. అందులో యాభై ఏళ్లు దాటిన సార్లు కూడా ఉన్నారు. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. 2018 ఎండాకాలంలో మొదటి పరీక్షలు, 2019 మార్చిలో ఆఖరివి. మధ్యలో మా అత్తకు పక్షవాతం వచ్చింది, ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఆ చదువు నాకేమిచ్చిందో ఒక్కటి చెబుతాను. మా రెండో తరగతిలో సిరుగుప్ప వైపు నుంచి వచ్చిన పిల్లాడు ఒకడుండేవాడు. పలక మీద 10 అని చక్కగా రాసేవాడు. ఇదెంత అని అడిగితే "హత్తు" అనేవాడు. హత్తు అంటే కన్నడంలో పది అని నాకు తెలియక కాదు, మా అమ్మ పుట్టిల్లు సిరుగుప్పే. అయినా బళ్లో తెలుగే మాట్లాడాలని వేళ్ల మీద స్కేలుతో కొట్టేదాన్ని. కొన్నాళ్లకు వాడు నోరు తెరవడం మానేశాడు. "వెనకబడినవాడు" అని రిజిస్టర్లో రాశాను కూడా. ఆ కోర్సులో 503వ పేపరు భాష ఎలా నేర్పాలనేది, 504 లెక్కలు ఎలా చెప్పాలనేది. ఇంటిభాష మీద ఆ పాఠం చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. బళ్లో చేసి చూపాల్సిన పని కింద వాడినే తీసుకున్నాను. చింతగింజలు ముందు పోసి, నీకొచ్చినట్టు లెక్కపెట్టు అన్నాను. ఒందు, ఎరడు, మూరు అంటూ హత్తు దాకా పోయాడు. అక్కడ ఆగి నా చేతిలోని స్కేలు వైపు చూశాడు. స్కేలు కిటికీలో పెట్టేశాను. తర్వాతి వారం పిల్లలందరూ వాడి దగ్గర "ఇప్పత్తు" దాకా నేర్చుకుని, నీళ్ల కుళాయి దగ్గర ఒకటే గోల. వాడు తెలుగులో ఇరవై అనడానికి ఇంకో పది రోజులు పట్టింది.

పైన చెప్పిన పాఠకుడి ఉత్తరంలో నిజం అసలే లేదని నేననను. కొన్ని సెంటర్లలో క్లాసులు సరిగా జరగలేదు. అసైన్‌మెంట్లు ఒకరిది చూసి ఒకరు దించినవాళ్లున్నారు. ఒక్కరోజైనా పాఠం చెప్పనివాళ్లు తెలిసిన కరస్పాండెంటుతో సంతకం పెట్టించుకుని టీచర్ల పేరుతో చేరారని కూడా విన్నాను. అలాంటివాళ్లు దొరికితే సర్టిఫికెట్ తీసేయండి, అబద్ధపు సంతకం పెట్టినవాళ్ల మీదా చర్య తీసుకోండి. కానీ కాలేజీ గడప తొక్కకుండా రెండేళ్ల డీఈడీ పూర్తి చేసినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో ఆయనకు తెలియదా? వాళ్లను ఎవరూ దొడ్డిదారి అనరు.

మాకు దెబ్బ తగిలింది 2023 నవంబర్లో. ఈ 18 నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాకు సమానం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లను కాపాడటానికి ఒకసారికి ఇచ్చిన అవకాశమే తప్ప కొత్త ఉద్యోగాలకు పనికిరాదని దాని సారాంశం. ఆ వార్త ఆ రోజు సాయంత్రానికల్లా మా వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఉంది. అంతకు ముందు 2020 జనవరిలో పట్నా హైకోర్టు ఇది చెల్లుతుందని చెప్పి ఉండింది, దాన్ని అందరూ మర్చిపోయారు.

2024 డిసెంబర్ 10న సుప్రీంకోర్టే ఈ విషయంలో స్పష్టత ఇచ్చింది. 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి, 2019 ఏప్రిల్ 1కి ముందు ఈ కోర్సు పూర్తి చేసినవాళ్ల డిప్లొమా చెల్లుతుంది, వేరే సంస్థల్లో దరఖాస్తు చేసుకోవడానికీ ప్రమోషన్లకూ పనికొస్తుంది అని. ఈ వార్త మాత్రం ఏ గ్రూపులోనూ తిరగలేదు. నాకు తెలిసిందే మూడు నెలల తర్వాత, ఆ ఉర్దూ టీచరమ్మ చెబితే.

ఇప్పుడు నా కష్టం చెబుతాను. నేను మొదట పనిచేసిన కాన్వెంటు కరోనాలో మూతపడింది. ఇప్పుడు ఆ రేకుల షెడ్డు పత్తిగింజల గోడౌను. తర్వాత చేరిన స్కూల్లో రికార్డుల్లో నన్ను "అన్‌ట్రైన్డ్" కింద రాస్తున్నారు. ట్రైన్డ్ వాళ్లకూ నాకూ జీతంలో నెలకు 3,500 తేడా. టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసయ్యాను, అది జన్మంతా చెల్లుతుందంటారు. 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీ రాశాను, రాలేదు. అది నా మార్కుల తప్పే, డిప్లొమాను అనను. కానీ స్కూల్ వాళ్లు "మీ డిప్లొమా చెల్లుతుందని ఆఫీసు నుంచి కాగితం తెండి, రాస్తాం" అన్నారు. సరే అని ఒక ఆఫీసుకు పోయాను.

అక్కడ గుమాస్తా కోర్టు ఆర్డర్ జిరాక్స్ చూశాడు. "అంతా సరేనమ్మా, 10-8-2017 నాడు నువ్వు బళ్లో ఉన్నట్టు ఏముంది?" అన్నాడు.

ఏముంటుంది సార్? జీతం చేతికిచ్చేవాళ్లు. పీఎఫ్ లేదు. నియామక పత్రం అన్న మాటే ఆ బళ్లో ఎప్పుడూ వినలేదు. మూతపడిన బడికి హెచ్ఎం ఎక్కడి నుంచి వస్తాడు సంతకం పెట్టడానికి?

పాత కరస్పాండెంటు సార్ ఇంటికి పోయాను. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. "ఏంటికమ్మా ఇప్పుడు ఆ పుస్తకాలు, చెదలు పట్టి పోయినాయి" అంటూనే కొడుకును అటక ఎక్కించాడు. రెండు గోనె సంచులు దింపారు. ఫీజు రసీదుల కట్టలు, విరిగిన గ్లోబు, ఆగస్టు 15 కాగితపు జెండాల దండ, వాటి కింద స్టాఫ్ హాజరు రిజిస్టర్లు. 2017ది పట్టుకుంటే అట్ట చేతిలోకే ఊడొచ్చింది. కింది అంచంతా చెదలు తినేశాయి. ఆగస్టు పేజీలో చివరి రెండు వరసలు లేవు. ఆయా పేరు పోయింది, కొత్తగా చేరిన లెక్కల టీచరుది పోయింది. నాది మూడో వరస. పదో తారీఖు, గురువారం, ఆ గడిలో నా పొట్టి సంతకం ఉంది. మిగతా రోజులన్నీ నీలం, ఆ రోజు ఒక్కటే ఎర్ర సిరా. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతూ అదే పెన్నుతో పెట్టేసినట్టున్నాను. ఆ ఎరుపు చూసి అక్కడే కూర్చుని ఏడ్చాను, సార్ వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రిజిస్టర్ తీసుకుని మళ్లీ ఆఫీసుకు పోయాను. గుమాస్తా మంచివాడే, పేజీ తిరగేసి చూశాడు. కానీ "ప్రైవేటు రిజిస్టర్ మేము ఒప్పుకోము, ఎవరైనా ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు" అన్నాడు. చెదలు కూడా ఇంట్లోనే పెంచుకున్నానా అని అడగాలనిపించింది, అడగలేదు.

నేను అడిగేది ఒక్కటే. 2017లో మేము ఆ కోర్సులో పేరు నమోదు చేసుకున్నప్పుడు మా బడి యూడైస్ కోడ్, అంటే ప్రతి బడికీ సర్కారు ఇచ్చే నంబరు, వేయాల్సి వచ్చింది. ఈమె మా దగ్గర పనిచేస్తోందని హెడ్మాస్టరు ధ్రువీకరిస్తేనే దరఖాస్తు ముందుకు పోయింది. అంటే మేము బళ్లో ఉన్నామన్న సంగతి సర్కారు కంప్యూటర్లోనే ఉంది. ఎన్ఐఓఎస్ నమోదు వివరాలు తెప్పించుకుని యూడైస్ కోడ్‌తో సరిచూస్తే ఎవరు అసలో ఎవరు నకిలీయో తేలిపోతుంది. పాఠకుడు గారు అన్న దొంగలు కూడా అక్కడే దొరుకుతారు. విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇచ్చి, వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్లో ఒక్క వాక్యం అచ్చు వేస్తే, సర్టిఫికెట్ల పరిశీలనలో కూర్చునే వాళ్లకూ టెన్షన్ ఉండదు, మాకూ ఉండదు. ఒక్కో జిల్లాలో ఒక్కో గుమాస్తాకు కోర్టు తీర్పు నేర్పించే పని మాకు తప్పుతుంది.

టెన్షన్ అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్ 1న వచ్చిన ఇంకో తీర్పు ప్రకారం, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసున్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలన్నారు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న ప్రభుత్వ టీచరమ్మ ఒకామె మా వీధిలోనే ఉంది. మొన్న నా టెట్ పుస్తకాలు అడిగి తీసుకుంది. సంతోషపడుతూ రాయడం లేదు ఇది. ఉద్యోగంలో ఉంటూ, ఇంట్లో పని చేసుకుంటూ, పిల్లల పేపర్లు దిద్దుతూ మళ్లీ పరీక్షకు కూర్చోవడమంటే ఏమిటో ఆమెకిప్పుడు తెలుస్తోంది. 506వ పేపరు నోట్సు కూడా ఇచ్చాను, పిల్లల మనస్తత్వం ప్రశ్నలకు పనికొస్తుందని.

నా పేరు అచ్చు వేయవద్దని మనవి. ఉన్న ఉద్యోగం పోతే మళ్లీ వెతుక్కునే వయసు కాదు.

ఆ రిజిస్టర్ పేజీ జిరాక్స్ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అచ్చు వేయకపోయినా ఫర్వాలేదు. అందులో నా సంతకం పైన ఇద్దరివి, కింద ముగ్గురివి చెక్కుచెదరకుండా ఉన్నాయి. బడి మూతపడ్డాక ఎవరెక్కడున్నారో నాకు తెలియదు, ఒకామె గుంతకల్లు పోయిందని విన్నాను. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, అసలు రిజిస్టర్ నా దగ్గరే భద్రంగా ఉంది, ప్లాస్టిక్ కవర్లో వేపాకు వేసి పెట్టాను. పాత ఇల్లే, మారలేదు. ఏ సాయంత్రమైనా వచ్చి జిరాక్స్ తీసుకుని పోండి.

ఇట్లు,
ఒక ప్రైవేటు బడి టీచర్,
ఆదోని, కర్నూలు జిల్లా