మా పాప నోరు తెరిచి చూసినవాళ్లకు

మా పాపకు నిన్నటితో 42 రోజులు. ఆశా కార్యకర్త అక్క చివరిసారిగా ఇంటికి వచ్చి తూకం వేసింది. 3 కిలోల 600 గ్రాములు! ఆ అంకె విన్నాక, పాప సరిగా పాలు తాగలేకపోవడానికి కారణం కనిపెట్టినవాళ్లకు కృతజ్ఞతగా ఇది రాయకుండా ఉండలేకపోయాను.

కాన్పుకు కర్నూలులో పుట్టింటికి వచ్చాను. పాప 2 కిలోల 900 గ్రాములతో పుట్టింది. రెండో రోజు నుంచే పాలివ్వాలంటే నాకు వణుకు. చనుమొనలు పగిలి నెత్తురు చిమ్మేది. పాప గంటసేపు చీకి, అలసిపోయి నిద్రలోకి జారి, పది నిమిషాలకే ఏడుస్తూ లేచేది. చీకుతున్నంతసేపూ నోట్లోంచి టక్కు టక్కుమని చప్పుడు. చూడవచ్చిన ప్రతివారూ "పాలు చాలడం లేదు" అని తేల్చేశారు. అమ్మ బాలింతలకు పెట్టే కాయం మందు నూరింది, పూటపూటా వెల్లుల్లి కారం పెట్టింది, దిష్టి తీసింది. మొదట చూపించిన చోట రెండు నిమిషాల్లో డబ్బా పాలు రాసి పంపారు. అందరి అనుమానమూ నా మీదే. బిడ్డ నోట్లో ఏముందో చూద్దామని ఎవరికీ తోచలేదు. కన్నతల్లిని, నాకూ తోచలేదు.

14వ రోజున ఆశా అక్క త్రాసుకు జోలె తగిలించి పాపను అందులో పడుకోబెట్టింది. 2 కిలోల 650. అక్క ముఖం మారింది. "పుట్టిన కొత్తలో పిల్లలు కాస్త తగ్గుతారమ్మా, కానీ రెండు వారాలకు మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావాలి. రేపే పెద్దాసుపత్రికి వెళ్దాం" అంది. అనడమే కాదు, మర్నాడు ఆ ఎండలో మాతోపాటు తానూ ఆటో ఎక్కింది.

అక్కడి సిస్టర్ పేరు అడగాలన్న ధ్యాస కూడా ఆ రోజు నాకు లేదు. పాప ఏడుస్తుంటే ఊరుకోబెట్టబోయాను. "ఏడవనివ్వమ్మా, నాకు కావలసింది అదే" అని వంగి నోట్లోకి చూసింది. నన్నూ చూడమంది. నాలుక పైకి లేవడం లేదు. కొస మధ్యలో నొక్కు పడి ఉంది, తమలపాకు తొడిమ దగ్గర ఉంటుందే, అలా. కింద సన్నని పొర నాలుకను నోటి అడుగుకు పట్టి ఉంచింది. దీన్నే టంగ్ టై అంటారట. నాలుక ముందుకు సాగకపోతే బిడ్డ రొమ్మును లోతుగా పట్టలేదు, చిగుళ్లతో మొనను నలుపుతుంది. అందుకే నా పగుళ్లు, అందుకే ఆ చప్పుడు. రొమ్ము ఖాళీ కాకపోతే క్రమంగా పాలూ తగ్గుతాయట. పదిహేను రోజులుగా నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి అక్కడే ఏడ్చేశాను.

డాక్టరమ్మ వెంటనే కత్తెర పట్టలేదు, ఆమె మీద నాకు గౌరవం కలిగింది అందుకే. పొర ఉన్నా చక్కగా తాగే పిల్లలు చాలామంది ఉంటారు, ముందు పట్టుకునే తీరు సరిచేద్దాం అన్నారు. నోరు బాగా తెరిచాక, గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరకు తీసుకోవడం సిస్టర్ నేర్పింది. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. మా ఇంట్లో ఉగ్గుగిన్నె ఎక్కడిది? ఎదురింటి పెద్దమ్మ తన పిల్లలకు వాడిన వెండిది వెతికి, మరిగే నీళ్లలో వేసి తెచ్చిచ్చింది. నాలుగు రోజుల్లో పాప వంద గ్రాములు పెరిగింది. నా నొప్పి మాత్రం తగ్గలేదు. అప్పుడు పొర కోశారు.

"నాలుక కోయిస్తే మాట రాదు" అని బంధువొకరు భయపెట్టారు. కోసేది నాలుకను కాదు, పొరను. నేను గోడ వైపు తిరిగి ఊపిరి బిగబట్టాను, వదిలేలోపు అయిపోయింది. దూది మీద రెండు చుక్కల నెత్తురు. వెంటనే పాపను నా ఒడిలో పెట్టారు. చప్పుడు లేదు. గుటక వినిపించింది, పాలు మింగుతున్న గుటక. నొప్పి ఆ పూటే మాయమైందంటే అబద్ధం, పగుళ్లు మానడానికి ఇంకో వారం పట్టింది. కోసిన చోట తెల్లటి మచ్చ చూసి చీము పట్టిందేమోనని హడలిపోయి ఫోను చేస్తే, మానేటప్పుడు అలాగే ఉంటుందని సిస్టర్ ఓపిగ్గా చెప్పింది.

ఆశా అక్కకు, ఆ సిస్టర్‌కు, డాక్టరమ్మకు, రాత్రిళ్లు నాతోపాటు మేలుకున్న అమ్మకు చేతులెత్తి నమస్కారం. అమ్మా, నీ కాయాన్ని ఎగతాళి చేయడం లేదు, ఆ ఘాటుకే కాస్త ఓపిక వచ్చింది.

ఉగ్గుగిన్నె ఈ ఉదయం పెద్దమ్మకు తిరిగి ఇచ్చేశాను. ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ అందులో చక్కెర పోసింది. పెద్దమ్మ చిటికెడు తన నోట్లో వేసుకుని, "ఏదీ, మనవరాలి నాలుక చూపించు" అంది. పాప ఆవలించి చూపించింది.