వెనక్కి వెళ్ళిన వేరుశనగ బస్తా గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ నేనూ చదువుతున్నాను. ప్రేమగా ఇచ్చిన బస్తాని మేడం గేటు దగ్గరే తిప్పి పంపేశారన్న మాట నిజం కాదు. బస్తా లోపలికొచ్చింది, వంటగదిలో రెండు రోజులుంది, పిల్లలు విప్పి చూశాకే వెనక్కి వెళ్ళింది. ఇచ్చినాయన నొచ్చుకున్నారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడాను, టీ తాగి వచ్చాను. వేరుశనగ పలుకులు మాత్రం మళ్ళీ తెచ్చుకోలేదు.

అవి వార్షికోత్సవానికి పల్లీ పట్టీ కోసం వచ్చినవి. తొమ్మిదో తరగతి బి సెక్షన్ అమ్మాయిలు ముగ్గురు, ఎవరూ చెప్పకుండానే, ఓ కిలో పలుకులు న్యూస్‌పేపర్ మీద పోసుకుని ఏరడం మొదలుపెట్టారు. ముడతలు పడ్డవి ఒక కుప్ప, రంగు మారినవి ఇంకో కుప్ప. పైకి నున్నగా ఉన్న పలుకుని గోటితో రెండు బద్దలు చేస్తే మధ్య గుంటలో ఆకుపచ్చ పొడి! ‘వేయిస్తే పోతుంది కదమ్మా’ అని వంటామె అంటే, వాళ్ళలో ఒక పాప, ‘బూజు చస్తుంది ఆంటీ, అది వదిలిన విషం చావదు’ అంది. ఇరవై ఆరేళ్ళుగా సైన్సు చెబుతున్నాను, ఇంత తేలిగ్గా నాకెప్పుడూ చెప్పడం రాలేదు. (ముగ్గురి చేతిరాతా ఇంకా బాగుపడాలి, అది వేరే సంగతి.)

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. ఆ బస్తాని మేం ల్యాబ్‌కి పంపలేదు, ప్రతి ఆకుపచ్చ బూజులోనూ అది ఉంటుందనీ అనను. కానీ కంటితో చూసి లేదని చెప్పలేనిది పిల్లల చేతిలో పెట్టను. ఒక చేదు పలుకు తిన్నారని టెన్షన్ పడకండి, ఉమ్మేసి నోరు కడుక్కుంటే చాలు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా లోపలికి వెళ్తే మాత్రం కాలేయ క్యాన్సర్ తేవచ్చు. ఒక్కసారిగా ఎక్కువ వెళ్తే ఏమవుతుందో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో చూశారు. వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా పోయారు. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చిపోయాయి. దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే.

‘మేడం వద్దంటే గేదెలకి వేసేయండి’ అని గ్రూపులో ఒకరు సలహా ఇచ్చారు, దానికి పదకొండు బొటనవేళ్ళు. గేదె తిన్న విషం కొంత రూపు మారి పాలలోకి దిగుతుందండీ. ఆ పాలు పొద్దున్నే గ్లాసులో పోసి తాగించేది ఎవరికి? గానుగకి వేద్దామన్నా అంతే. వడకట్టిన నూనెలోనూ కొంత ఉంటుంది, చాలావరకు నూనె తీశాక మిగిలే చెక్కలో ఉంటుంది, ఆ చెక్క మళ్ళీ గేదె తొట్టిలోకే.

ఇప్పుడు కల్లాల్లో మిరపకాయ ఎండుతోంది కాబట్టి ఇదీ చెప్పాలి. మంచి కాయ గుంటూరు యార్డుకి, రంగు పోయిన తాలు కాయ ఇంటి కారానికి! ఈ లెక్క నాకు ఏనాటికీ అర్థం కాదు. మసాలా దినుసుల్లో ఈ విషం మన దేశంలో కిలోకి 30 మైక్రోగ్రాములు దాటకూడదు, యూరప్‌లో మిరపకి 10. పరదేశం వాళ్ళ కోసం అంత జాగ్రత్తగా ఏరి, మన పిల్లల ముద్దపప్పులోకి బూజు కాయ దంచుతామా? నేల మీద కాదు, పట్టా మీద ఆరబోయండి, సాయంత్రం మంచు పడకముందే కప్పండి. తొక్కితే విరుగుతాయని బస్తాకెత్తే ముందు నీళ్ళు చల్లడం దయచేసి మానండి.

మీ పనుల ఒత్తిడి నాకు తెలుసు. అయినా బూజు పట్టిన చోట గిల్లేసిన బ్రెడ్డు ఈ నెలలో మూడు టిఫిన్ డబ్బాల్లో కనిపించింది. గిల్లినంత మాత్రాన లోపలికి పాకిన బూజు పోదు. కడిగిన డబ్బా తడిగానే మూత పెట్టి పంపేవారికీ ఇదే మనవి.

మూడో టర్మ్ ఫీజు నెలాఖరులోగా, రెండో నంబరు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు, పదో తరగతి హాల్‌టికెట్లు వచ్చాక చెబుతాం.

పట్టీకి కొత్త పలుకులు కొన్నాం. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆ అమ్మాయిలే కూర్చుని ఏరుతున్నారు. సాయం వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు కళ్ళజోడు మరిచిపోకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు