38 కాదు, 30–32

చిట్టితల్లికి,

గ్లూకోజు నుంచి వచ్చే శక్తి లెక్క 38కి రావడం లేదని రాశావు. నీ లెక్క తప్పలేదమ్మా. ఒక గ్లూకోజుకు 38 ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం) అన్నది పాత పుస్తకాల గుండుగుత్త లెక్క. పరీక్షలో నీ పుస్తకంలో ఉన్నదే రాయి, బుర్రలో మాత్రం 30–32 పెట్టుకో.

గ్లైకాలసిస్‌లో (గ్లూకోజు రెండుగా విరిగే మొదటి మెట్టు) మిగిలేది 2, ఆ ముక్కలు పూర్తిగా విడిపోయే క్రెబ్స్ వలయంలో మరో 2. అవి నీకు వచ్చినవే. అసలు రాబడి ఎలక్ట్రాన్లు మోసుకొచ్చే అణువులు: 10 ఎన్‌ఏడీహెచ్, 2 ఎఫ్‌ఏడీహెచ్2. ఒక ఎన్‌ఏడీహెచ్ ఇచ్చిన రెండు ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను చేరేలోపు కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా లోపలి పొర అవతలికి 10 ప్రోటాన్లను తోడిపోస్తాయి: పొరలోని ప్రోటీన్ కూటముల్లో 1వ కాంప్లెక్స్ 4, 3వది 4, 4వది 2. ఎఫ్‌ఏడీహెచ్2 ఎలక్ట్రాన్లు 2వ కాంప్లెక్స్ దగ్గర ఎక్కుతాయి. అది ఏమీ తోడదు, అందుకే 6.

ఆ ప్రోటాన్లు వెనక్కి వచ్చే దారే ఏటీపీ సింథేజ్, అంటే ఏటీపీని తయారుచేసే ప్రోటీన్ యంత్రం. మన కణాల్లో దాని చక్రానికి 8 భాగాలు. 8 ప్రోటాన్లు దూరితే ఒక చుట్టు, చుట్టుకు 3 ఏటీపీలు. ముడిసరుకు లోపలికి తెచ్చి, తయారైన ఏటీపీని బయటికి పంపే కూలి ఒక్కోదానికి ఇంకో ప్రోటాన్. అంటే ఒక్కో ఏటీపీకి మొత్తం దగ్గరదగ్గర 4 ప్రోటాన్లు. ఇక భాగించు: 10కి 2.5, 6కి 1.5. అంటే 10 ఎన్‌ఏడీహెచ్‌కు 25, 2 ఎఫ్‌ఏడీహెచ్2కు 3, ముందరి 4 కలిపి 32. గ్లైకాలసిస్‌లో పుట్టిన 2 ఎన్‌ఏడీహెచ్ నేరుగా లోపలికి పోలేవు. వాటి ఎలక్ట్రాన్లను గ్లిసరాల్ ఫాస్ఫేట్ అనే మోతగాడు తీసుకుపోతే వాటికీ 1.5 చొప్పునే, అప్పుడు 30.

(ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి. మీ పాఠంలో ఈ ముక్క ఉండాల్సింది.)

ఆ 30 కూడా ఎలక్ట్రాన్ల దారి మూసుకుపోకుండా, పొరకు చిల్లు లేకుండా ఉంటేనే. సైనైడ్ 4వ కాంప్లెక్స్‌ను పట్టేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా ఎలక్ట్రాన్లు దాన్ని చేరలేవు. డైనైట్రోఫినాల్ అనే రసాయనంది ఇంకో రకం చేటు. ప్రోటాన్లను మోసుకుని పొరలోంచే దాటిస్తుంది. చక్రం తిరగదు, తిన్నదంతా వేడిగా పోతుంది. 1930లలో అమెరికాలో సన్నబడే మందుగా అమ్మారు. ఒళ్లు కాలిపోయి కొందరు చనిపోయారు. ఇప్పటికీ దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు, హాస్టల్లో ఎవరైనా ఇస్తే ముట్టుకోకు.

ఇదే చిల్లును ఒళ్లు కావాలని పెట్టుకునే చోటు ఒకటుంది: గోధుమరంగు కొవ్వు. అక్కడి థెర్మోజెనిన్ అనే ప్రోటీన్ ప్రోటాన్లకు అడ్డదారి తెరుస్తుంది. పుట్టినప్పుడు నీకు వణకడం చేతకాదు. వీపున నీ రెండు భుజాల ఎముకల మధ్య ఉన్న ఆ కొవ్వే నిన్ను వెచ్చగా ఉంచింది.

నాన్న