సర్వపిండి కూడా వ్యాయామమే బిడ్డా

హన్మకొండ,
ఆదివారం పొద్దున.

బిడ్డా,

నువ్వు పంపిన గడియారం ముట్టింది. ఆ రోజు నుంచి చేతికే ఉంది. రోజుకు 10,000 అడుగులు వేయాలని గట్టిగా చెప్పావు కదా, ఆ లెక్క ఏ డాక్టరూ పెట్టింది కాదట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మీటర్' అని అర్థం వచ్చే పేరు పెట్టారట. అక్కడి నుంచి మన నెత్తికి చుట్టుకుంది. ఇదంతా చదివి తెలుసుకున్నాను. చదివింది మంచం మీద పడుకుని, అది వేరే సంగతి.

మొన్న సర్వపిండికి పిండి నేనే కలిపాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు వేసి పిసికి, గంజు అడుగు నుంచి అంచుల దాకా పలుచగా ఒత్తి, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసేసరికి గడియారం 312 అడుగులు చూపించింది. నేను పీట మీద నుంచి లేవనే లేదు. మీ అమ్మ "ఇది మోసం" అంది. మిషన్ ఒప్పుకున్నాక కాదనడానికి నేనెవరిని?

చెరువు కట్ట మీదికి కూడా పోతున్నాను. భద్రకాళి గుడి దాకా బండి మీద పోయి, అక్కడి నుంచి నడక. మధ్యలో మక్క కంకి కాల్చే ఆమె దగ్గర ఆగుతాను. ఊరికే తినడానికి కాదు. నమిలితే కూడా కేలరీలు ఖర్చవుతాయి, గంటసేపు చూయింగ్ గమ్ నమిలితే 11 దాకా పోతాయట. గమ్‌కే అంత ఉంటే, ముదురు కంకికి ఎంతుండాలి? సంక్రాంతి సకినాల సంగతి ఇక చెప్పనే అక్కరలేదు. నా దవడలు రెండూ పహిల్వాన్లయ్యాయి.

ఇంకో సంగతి. తిన్నది అరగడానికే అందులో పదో వంతు ఖర్చవుతుందట. మటన్ లాంటివాటిలోని ప్రొటీన్‌కైతే 20 నుంచి 30 శాతం. అంటే ఆదివారం కూర తిని పడుకున్నా లోపల పని నడుస్తూనే ఉంటుంది. ఈ మాట చెబితే మీ అమ్మ గంటె పట్టుకుని నా పొట్ట వైపు చూసి, "మరి మిగిలిన 70 శాతం ఇదేనా?" అంది. లెక్కల్లో ఆమెతో ఎప్పుడూ కష్టమే.

నిన్న గడియారం ఆమె చేతికి కట్టాను, సరదాకి. పొద్దుందాకా గడప దాటలేదు, 8,640 వచ్చాయి. నేను ఏం మాట్లాడలేదు. అన్నం తిన్నాక గంజులు మాత్రం నేనే తోమాను, గడియారం తీసి పక్కన పెట్టి.

షుగర్ బార్డర్‌లోనే ఉంది, టెన్షన్ పడకు. వచ్చే నెల మళ్లీ చూపించుకుంటాను.

సర్వపిండి మాడుతున్న వాసన వస్తోంది, లేవాలి. వంటింటికి 17 అడుగులు, పోను రాను 34.

నీ బాపు